ఓడ సీరియల్ రెండో సగం

హిందూపురంలో కరెంటు పోదని పెనుకొండలో అందరికీ తెలుసు. ఎవరు చెప్పారని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు. అక్కడ ఫ్యాక్టరీలున్నాయి, పట్టుగూళ్ల మార్కెట్టుంది, మాట చెల్లే షావుకార్లున్నారు. అలాంటి ఊరికి కరెంటు తీస్తారా, తీసేదంతా మనకే అనుకునేవాళ్లు. తొంభై మూడులో పంతొమ్మిదేళ్ల వీరేష్ కూడా అదే నమ్మాడు. నమ్మి, హిందూపురం మనుషులందరి మీదా కడుపుమంట పెంచుకున్నాడు. అందులో పెద్ద వాటా మధు అనే ఒక్కడికి దక్కింది.

మధు పని అచ్చు, అంటే మగ్గం పడుగు, అతకడం. మగ్గం మీద పాత అచ్చు అయిపోవచ్చినప్పుడు దాని కొసలకు కొత్త అచ్చు పోగుల్ని ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టాలి. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడవునా తెలిసిపోతుంది. ధర్మవరంలో ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నా, మధు అతికిన చోటు కళ్లద్దాలు పెట్టుకుని వెతికినా కనబడదని పేరు. పాతికేళ్లుంటాయి. సన్నటి మనిషి, పోగు జారకుండా బూడిద రాసుకుని రాసుకుని తెల్లబడిన వేళ్లు. సోమవారం పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోతే మళ్లీ శనివారం సాయంత్రమే ఇంటికి వచ్చేవాడు.

వీరేష్ రోజూ పెనుకొండలో అదే బండి ఎక్కేవాడు. ధర్మవరంలో ఒక చీరల అంగడిలో పని. వచ్చినవాళ్ల ముందు చీరలు విప్పాలి, వాళ్లు లేచిపోయాక మడతపెట్టాలి. పదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. పెనుకొండ గ్రంథాలయంలో ఉన్న సైన్సు పుస్తకాలన్నీ అయిపోగొట్టాడు. హిందీ పరీక్షలు మూడు రాశాడు. వెలుతురు ఎంత వేగంతో పోతుందో తెలుసు, శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు ఏమిటో తెలుసు. తెలిసిందంతా ఎవరికైనా చెప్పాలని ఉండేది. నోరు తెరిస్తే నలుగురు అతని వైపు తిరిగి కూర్చోవాలి. అతనికి కావలసింది అంతకంటే ఏమీ లేదు. అదే దొరకలేదు.

ఆ ఏడాది ఆదివారాల్లో పొద్దున పది గంటలకు టీవీలో ఒక సీరియల్ మొదలైంది. ఎప్పుడో పాతికేళ్ల కిందట పరదేశంలో తీసినది, పైన హిందీ మాటలు వేసి చూపిస్తున్నారు. పేరేదో ఉంది గానీ పెనుకొండలో అందరికీ అది ఓడ సీరియలే. నూట ముప్పై మందితో బయల్దేరిన ఓడ ఒకటి ఆకాశంలో దారి తప్పుతుంది, వారానికొక గ్రహం దగ్గర ఆగుతుంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ దానికి పెద్ద. నిద్రపోని డాక్టరు ఒకడుంటాడు. ఓడ లోపల కూరగాయలు పెంచే ముసలి తోటాయన ఒకడుంటాడు. స్టేషన్లో పనిచేసే పౌలు ఇంట్లో టీవీ ముందు సగం వీధి చేరేది. పదిన్నరకు కరెంటు పోయేది. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. డాక్టరు తలుపు తోస్తూ ఉండగానో, పెద్దావిడ నోరు తెరుస్తూ ఉండగానో టీవీ నల్లబడేది. మళ్లీ వచ్చేసరికి ఓడ వెళ్లిపోయి వ్యవసాయ కార్యక్రమం నడుస్తూ ఉండేది.

రెండో సోమవారం రైల్లో ఆ మాట ఎత్తింది సుంకప్ప. పెనుకొండ నుంచి మగ్గం పనికి పోయే పెద్దాయన.

"ఏమప్పా మధూ, మీకు కరెంటు పోదు గదా. నిన్న ఆ ఓడ కథ కడాకు ఏమాయ?"

మధు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. కొంచెంసేపు ఆలోచించి అడిగాడు. "మీరు యాడి దాకా చూస్తిరి?"

"మాకు హిందీ యాడ తెలుస్తాది. ఇదో, ఈ వీరేషుకు తెలుసు. చెప్పప్పా, యాడ పాయనో."

వీరేష్ సంతోషంగానే చెప్పాడు. మొదటి నుంచి, ఎవరేమన్నారో, ఎక్కడ నిలబడ్డారో, డాక్టరు చెయ్యి ఎట్లా వణికిందో, అన్నీ. పదిన్నర దాకా చెప్పి ఆగాడు. మధు అక్కడి నుంచి అందుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి అది వాడుకైపోయింది. మక్కాజిపల్లి వచ్చేదాకా వీరేష్, ఆ తర్వాత మధు.

చూడబోతే సగం సగం. కానీ మొదటి సగం అందరూ చూసిందే. వీరేష్ చెబుతున్నంతసేపూ సుంకప్ప వక్కాకు నూరుకునేవాడు, ఆడవాళ్లు టిఫిన్లు సర్దుకునేవాళ్లు. మధు గొంతు సవరించుకోగానే ఎదురు బెంచీ వాళ్లు కూడా లేచి వచ్చేవాళ్లు. "ఊ" అని సుంకప్ప మొదలుపెడితే రైలు పెట్టె మొత్తం ఊకొట్టేది. హిందూపురం నుంచి కనకాంబరాల గంపతో వచ్చే దాసమ్మ అందరికంటే ముందు వంగి వినేది. వీరేష్ ఒక్కడే పళ్లు బిగబట్టుకుని బయటికి చూసేవాడు. ఒక్కసారి కూడా ఊకొట్టలేదు.

నీడలు పడని గ్రహం కథ వచ్చిన వారం అతనికి జీవితాంతం గుర్తుండిపోయింది. ఓడ మనుషులు ఆ గ్రహం మీద దిగుతారు. పట్టపగలు, కానీ ఎవరికీ నీడ లేదు. డాక్టరు వణికే చేత్తో తలమీది గాజు టోపీ తీయబోతాడు, అని చెప్పి వీరేష్ ఆగాడు. పౌలు ఇంట్లో కరెంటు పోయింది.

"నీడలు యాడికీ పోలే" అన్నాడు మధు. "ఓడలోనే ఉండాయి. సామాన్లు పెట్టే గదిలో. మన అంగట్లో చీరలు పెట్టినట్ల, మడత మీద మడత, ఒగదాని మింద ఒగటి."

"ఊ."

"తోటాయన పోయి చూస్తాడు. అందర్నీ పిలుస్తాడు. ఇంగ ఎవురిది వాళ్లు వెతుక్కుంటాండారు. నీడకు మొగముంటాదా, పేరుంటాదా. భుజాన వేసుకుని చూసుకునేది, పొడుగైతే తీసి పెట్టేది."

"మా ఇంటాయన నీడైతే వాసనతోనే పట్టుకుందును" అంది దాసమ్మ. పెట్టె అంతా నవ్వింది. మధు నవ్వు తగ్గేదాకా ఆగాడు.

"కడాకు అందరివీ దొరికె. తోటాయనకు మాత్రం చిన్నదొకటి మిగిలె. బిడ్డది. మోకాలు దాకా గూడా రాదు. ఆ ఓడలో బిడ్డలే లేరు గదా, ఇది యాడి నుంచి వచ్చెనో ఎవురికీ తెల్దు. ముసలాయన దాన్నే వేసుకుని పాయ."

నాగసముద్రం దాటేదాకా దాసమ్మ తన కాళ్ల దగ్గరి నీడనే చూసుకుంటూ కూర్చుంది. వెలుతురు అన్ని వైపుల నుంచీ సమానంగా పడితే నీడ ఉండదని, కారణం అదే అయ్యుంటుందని వీరేష్ ఆదివారమే అనుకున్నాడు. అదే చెప్పి ఉంటే ఒక్కడైనా ఊకొట్టేవాడా? కొట్టడు. వీడికేం, వీడి ఊళ్లో కరెంటుంది, చూసినదాన్ని చెబుతున్నాడు. కరెంటున్న ఊళ్లో పుట్టడం కూడా ఒక గొప్పేనా. తనకే ఆ రెండో సగం చూసే అవకాశం ఉంటే హిందీలో ఒక్క మాట పోకుండా, సైన్సుతో సహా చెప్పేవాడు. వారమంతా ఇదే. చీర మడతపెడుతుంటే నీడలు గుర్తొచ్చేవి, మడత తప్పేది, యజమాని కసిరేవాడు. ఆ కసురు కూడా మధు లెక్కలోకే పోయేది.

పన్నెండో వారం ఆగలేకపోయాడు. ఆదివారం తెల్లవారే బండెక్కి హిందూపురంలో మేనత్త నల్లమ్మ ఇంటికి పోయాడు. ఇంటికి వచ్చినవాడు నేరుగా టీవీ ముందు కూర్చోవడం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. పదికి అయిదు నిమిషాలుండగా కరెంటు పోయింది.

"ఎప్పుడొస్తాది అత్తా?"

"ఒంటి గంట కావల్ల. ఆదివారం ఎప్పుడుండాది లేప్పా. ఫ్యాక్టరీలకు సెలవు గదా, లైన్లు బాగుచేసుకునేది ఈపొద్దే."

"ప్రతి ఆదివారమా?"

"ఏడాది నుంచి. మీకు పోదా ఏం? మీ ఊర్లో కరెంటు పోదంటారే మావాళ్లు."

వీరేష్ నల్లటి టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అందులో తన మొహమే కనబడుతోంది. మధు ఒక్క భాగం కూడా చూడలేదు. మొదటి సగం తన నోటి నుంచి విని, రెండో సగం అక్కడికక్కడ పుట్టించాడు. పది వారాలు తను దేన్ని చూసి కుళ్లిపోయాడో అది అసలు లేదు. ఆ మధ్యాహ్నం అత్త పెట్టిన రాగిముద్ద ఒకటి చాలక రెండు తిన్నాడు. అంత తేలిక అతనికి ఎన్నడూ కలగలేదు.

సోమవారం సుంకప్ప ఎప్పటిలా "ఊ, చెప్పప్పా వీరేషూ" అన్నాడు.

"నేను చెప్పను. మధన్ననే చెప్పమను, మొదటి నుంచి. ఆయప్ప ఇంట్లో కరెంటుంటాది గదా." పక్క బెంచీకి కూడా వినబడేలా అన్నాడు. "నిన్న నేను హిందూపురంలోనే ఉంటి. ఆదివారం పది నుంచి ఒంటి గంట దాకా కరెంటే లేదు. ఏడాది నుంచి లేదు. ఈయప్ప చెప్పిందంతా కల్ల. ఒగ్గటి గూడా చూడలే."

సుంకప్ప దాసమ్మ వైపు చూశాడు.

"మాకు తెల్దా ఏం?" అంది దాసమ్మ. "మాదీ హిందూపురమే గదా. మాకూ కరెంటు లేదు. ఆయప్ప చెప్తేనే మేమూ వినాల్సింది." తర్వాత వీరేష్ వైపు తిరిగి మెల్లగా అడిగింది. "ఏమప్పా, నీకేం తక్కువాయ?"

మధు కోపం తెచ్చుకోలేదు. ఏదో పని మధ్యలో పట్టుబడ్డవాడిలా తెల్లటి వేళ్లను తుండుగుడ్డకు తుడుచుకుని, కిటికీ వైపు తిరిగాడు.

"సరేలే" అన్నాడు సుంకప్ప. "ఇంగ నువ్వే చెప్పు. అంతా."

అతనికి కావలసిన చోటు అతని ముందు ఖాళీగా ఉంది. వీరేష్ మొదలుపెట్టాడు. ఆకాశంలో ఓడలు నిజానికి ఎట్లా పోతాయో, ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. మక్కాజిపల్లి దగ్గర దాసమ్మ గంప మీద తల పెట్టుకుంది. నాగసముద్రం వచ్చేసరికి సుంకప్ప గురక పెట్టాడు.

మరుసటి సోమవారం నుంచి మధు వేరే పెట్టె ఎక్కాడు. దాని ముందు రోజు ఆదివారం పదమూడో భాగం వచ్చింది, అదే చివరిది. చుట్టూ కోట్ల మైళ్లు ఏమీ లేని చోట ఆగిన ఓడను బయటి నుంచి ఎవరో తడతారు. మూడుసార్లు. తోటాయన పోయి తలుపు పిడి మీద చెయ్యి వేస్తాడు. పౌలు ఇంట్లో కరెంటు పోయింది. ఆ తర్వాత ఏమైందో పెనుకొండలో ఎవరికీ తెలియలేదు. చెప్పేవాడు లేకుండా చేసింది వీరేషే. ఆ మాట అతనికి ఎవరూ గుర్తు చేయలేదు, అవసరం కూడా లేకపోయింది.

పన్నెండేళ్లు గడిచాయి. అంగడి పని వదిలేసి వీరేష్ పెనుకొండ బస్టాండు దగ్గర సీడీలు అద్దెకిచ్చే చిన్న గది పెట్టుకున్నాడు. పెళ్లి కాలేదు. పుస్తకాలు చదివేవాడు. చదివినవి చెబితే సినిమా కోసం వచ్చినవాళ్లు "సరే గానీ అన్నా, కొత్తదేముండాది" అనేవాళ్లు. రెండువేల అయిదులో సీడీలు కొనడానికి బెంగళూరు పోయినప్పుడు, మెజెస్టిక్ దగ్గర కాలిబాట మీద సీడీల అట్టపెట్టె ఒకటి కంటబడింది. దాని మీద జుట్టు కత్తిరించుకున్న ఆవిడ బొమ్మ. మొదటి సంవత్సరం, పదమూడు భాగాలు అని రాసుంది. బేరం కూడా ఆడలేదు.

మూడు మధ్యాహ్నాలు షట్టరు సగం దించుకుని చూశాడు. ఓడ గోడలు అట్టలని తెలిసిపోతోంది. మూడో భాగంలో ఓడను వేలాడదీసిన తీగ కనబడింది. గ్రహాలన్నీ ఒకే గుట్ట, వారానికొక రంగు దీపం వేశారు. మధు కథల్లో ఓడనంతా కాపాడిన తోటాయన అసలు సీరియల్లో ముఖ్యుడే కాదు. మొత్తం పదమూడు భాగాల్లో అతనికి పది మాటలు లేవు. నీడల గ్రహం దగ్గర వీరేష్ ముందుకు వంగాడు. డాక్టరు టోపీ తీసి, వెలుతురు అన్ని వైపుల నుంచీ పడుతోంది కాబట్టి నీడలు లేవని చెబుతాడు. అందరూ నవ్వుకుని ఓడెక్కుతారు. అయిపోయింది.

తను అనుకున్నదే నిజం. పన్నెండేళ్ల కిందట, పంతొమ్మిదేళ్ల వయసులో, సగం చూసి సరిగ్గా పట్టుకున్నాడు. ఆ సరైన దాన్ని తెర మీద చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. ఇదా తను చెప్పాలనుకున్నది. ఇంకొకటి కూడా చూశాడు గానీ దాని దగ్గర ఆగలేదు. అప్పుడు తను చెప్పినట్టు డాక్టరు చెయ్యి ఎక్కడా వణకలేదు.

పదమూడో భాగం చివర తోటాయన తలుపు తీస్తాడు. బయట ఓడకు కట్టిన వైరు ఊడిపోయి గోడకు తగులుతూ ఉంటుంది. ఎవరో వచ్చి దాన్ని బిగిస్తారు.

మరుసటి ఆదివారం వీరేష్ పెట్టెను సంచిలో వేసుకుని హిందూపురం బండెక్కాడు. దేనికి పోతున్నాడని అడిగితే చెప్పలేడు. మధు ముందు ఆ సీడీ వేయాలి, ఆ మొహం చూడాలి. నువ్వు చెప్పింది అబద్ధం, నేను అనుకున్నది నిజం, ఇదో సాక్ష్యం. సుంకప్ప చనిపోయి నాలుగేళ్లయింది. దాసమ్మ మాత్రం స్టేషన్ బయటే పూలమ్ముతోంది. గుర్తుపట్టి, మధు ఇల్లు చెప్పి, "ఈసారి ఏం కనిపెట్టినావప్పా" అని నవ్వింది.

మధు ఇంట్లో లేడు, పక్క వీధి పవర్‌లూమ్ షెడ్డులో ఉన్నాడు. చేతిమగ్గాలు తగ్గిపోయాక ఇక్కడే పని. మందపాటి కళ్లద్దాలు, వాటికి దారం. వేళ్లు మాత్రం అలాగే తెల్లగా ఉన్నాయి. లోపల మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి.

"వీరేషువి గదా" అన్నాడు మధు. "రాప్పా, కూర్చో. కరెంటు పాయ. అదుంటే ఈడ ఒగరి మాట ఒగరికి వినపడదు. పదేండ్ల నుంచి సైగలే."

వీరేష్ సంచిలోంచి పెట్టె తీశాడు. మధు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేనా ఆ ఓడ? నేను ఎప్పుడూ చూడలేదు అప్పా. ఇంత చిన్నదా." కొంచెంసేపు ఆ బొమ్మనే చూశాడు. "వేసేకి కరెంటు లేదే. నువ్వు చెప్పు. కడాది. అది అట్లే మిగిలిపాయ మనకు."

మనకు అన్నాడు. వీరేష్ పెట్టెను అందుకుని బెంచీ మీద పెట్టాడు. చెప్పడం మొదలుపెట్టాడు. ఓడ ఆగిపోవడం, చుట్టూ ఏమీ లేకపోవడం, లోపల నూట ముప్పై మంది ఊపిరి బిగబట్టడం. మధు పని వదిలేసి వింటున్నాడు, ఊకొడుతున్నాడు. తోటాయన నడిచి వచ్చాడు. పిడి మీద చెయ్యి వేశాడు. అక్కడ వీరేష్ ఆగాడు.

"ఊ?" అన్నాడు మధు.

వైరు ముక్క వీరేష్ నాలుక కొస మీద ఉంది. అది చెప్పేస్తే గెలిచినట్టే. కానీ ఎవరు గెలిచినట్టు? తనా, వైరు ముక్కా? ఎదురుగా ఒక మనిషి మొదటిసారి తన వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి చేతిలో ఒక వైరు ముక్క పెట్టడానికి అతనికి సిగ్గేసింది.

"ఆడికే కరెంటు పాయ" అన్నాడు.

మధు అతని వైపు ఒక చూపు చూశాడు. పెట్టె వైపు చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వేళ్లు రెండు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"నువ్వు డాక్టరు చెయ్యి వణికెనంటివి చూడు" అన్నాడు చివరికి. "అదే నాకు దారి చూపించింది. అంతటి మనిషికి చెయ్యి వణుకుతాండాదంటే, నీడలు పోవడం ఉత్త మాట గాదనుకుంటి. ఎవురో తీసినారనుకుంటి. మొదలు నీ మాదిరి చెప్పేవాడు నాకు మళ్లా దొరకలే."

పన్నెండేళ్లు ఎదురుచూసిన మాట అది. విన్నాక కూడా వీరేష్‌కు చల్లబడలేదు. దారి తను చూపించాడట, పోయింది మాత్రం వాడు.

"తలుపు తీస్తాడు తోటాయన" అన్నాడు మధు. "బయట బిడ్డ నిలబడుకోనుండాది. ఇంతది. దూరం నుంచి వచ్చింది, కాళ్లంతా దుమ్ము. తోటాయన కాళ్ల కాడికి చూస్తాండాది. ఆ ముసలాయన వేసుకునింది దాని నీడనే గదా."

షెడ్డులో ఎవరో దగ్గారు. పన్నెండేళ్లు ఆ తలుపు గురించి వీరేష్ ఆలోచించాడు. పుస్తకాలు చదివాడు. ఆ బిడ్డ నీడ కూడా అతనికి గుర్తుంది, తన కళ్లముందే మధు దాన్ని మడత విప్పాడు. ఒక్కసారైనా ఆ రెండింటినీ కలపాలని తోచలేదు. వీడికి రెండు నిమిషాలు పట్టింది, అది కూడా కరెంటు లేని షెడ్డులో.

మధు ఆగిపోయాడు. "ఊ అనప్పా. ఊకొట్టేవాళ్లు లేకుంటే నాకు ముందుకు తోచదు."

సీడీల పెట్టె బెంచీ మీద ఇద్దరి మధ్యా ఉంది. వీరేష్ దాన్ని తీసి సంచిలో పడేసుకున్నాడు. కడుపులో మంట ఎప్పటిలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు.

"ఊ" అన్నాడు.